మగ్గం దిగాక

గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి మనకు నడుము పైనుంచే కనబడతాడు. కాళ్లు రెండూ కింద గుంటలో, తొక్కుడు కర్రల మీద ఉంటాయి. మా తాతయ్య అలా సగం భూమిలో, సగం పైన కూర్చుని జీవితమంతా బట్ట నేశాడు. వేటపాలెంలో మా ఇల్లున్న వీధిలో అందరిదీ అదే పని. తెల్లవారుజామునే ఏదో ఒక ఇంట్లో నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే చెక్క, ఆడటం మొదలయ్యేది. ఆ వెంటనే పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో. మా ముందు గదిలో సగానికి పైగా మగ్గమే. మిగిలిన చోట మేం తినేవాళ్లం, చదువుకునేవాళ్లం, చుట్టాలొస్తే అక్కడే చాపలు పరిచేవాళ్లం.

డబ్బు సంగతికొస్తే చెప్పుకోవడానికేమీ లేదు. నూలు షావుకారుది, మజూరీ మాది. పండక్కి తీసుకున్న అడ్వాన్సు మళ్లీ పండగొచ్చినా తీరేది కాదు. అయినా నాకు తెలిసినవాళ్లందరిలో, పెద్ద చదువులు చదివినవాళ్లనీ ఆస్తిపాస్తులున్నవాళ్లనీ విదేశాల్లో స్థిరపడ్డవాళ్లనీ కలుపుకుని చూసినా, నిండుగా బతికిన మనిషి ఎవరంటే తాతయ్య పేరే చెప్తాను. ఎందుకలా అనిపిస్తుందో ఒకసారి కూర్చుని వివరంగా రాసుకోవాలని చాలా కాలంగా ఉంది.

ముందు పని గురించి చెప్పాలి. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా ఎక్కించే పోగులకు, గంజి పెట్టే రోజులు నాకు బాగా గుర్తు. ఎండ ముదరకముందే అయిపోవాలి కాబట్టి చీకటితోనే లేచేవాళ్లు. వీధి పొడవునా కర్రలు పాతి పడుగును బారుగా చాపేవాళ్లు. గంజి పట్టించాక తాతయ్య ఒకవైపు, చిన్నాన్న ఇంకోవైపు పెద్ద కుంచె పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా దువ్వుకుంటూ నడిచేవాళ్లు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి. సైకిళ్ల మీద వచ్చేవాళ్లు దిగి, పడుగుకు తగలకుండా పక్కనుంచి నడిపించుకు వెళ్లేవాళ్లు. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు, రేపు వాళ్ల పడుగూ ఇక్కడే చాపాలి కదా. ఒక్క పోగు తెగినా తాతయ్యకు దూరంనుంచే తెలిసిపోయేది. ఆగి, కొసలు రెండూ దొరకబుచ్చుకుని, గంజి తడితోనే వేళ్ల మధ్య నలిపి అతికేసేవాడు. తర్వాత ఎంత వెతికినా ఆ అతుకు నాకు కనబడేది కాదు.

"కట్టుకునేవాళ్లకి మన ముడి తగలకూడదు అమ్మడూ" అనేవాడు.

కట్టుకునేవాళ్లెవరో ఆయనకు తెలియదు. బట్ట షావుకారు ఇంటికి వెళ్లిపోతుంది, అక్కణ్నుంచి ఏ ఊరికో. కానీ తెలుసుకోవాలన్న కోరిక మాత్రం తాతయ్యకు చివరిదాకా పోలేదు. తన చేతిలోంచి వెళ్లిన ప్రతిదీ ఎక్కడికి పోతోంది, తన దగ్గరికి వచ్చిన ప్రతిదీ ఎక్కణ్నుంచి వస్తోంది, ఈ రెండూ ఆయనకు కావాలి. అందుకే మగ్గం దిగాక ఇంట్లో కూర్చునేవాడు కాదు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మా ఊరి గ్రంథాలయం, సారస్వత నికేతనానికి బయల్దేరేవాడు.

మా ఊరి గురించి బయటివాళ్లకు జీడిపప్పు తెలుసు, ఆ తర్వాత ఈ గ్రంథాలయం తెలుసు. 1918లో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారూ, ఊళ్లో మరికొంతమందీ పూనుకుని చిన్నగా మొదలుపెట్టింది అంత పెద్దదయింది. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. తాతయ్యది కూడా 1918 పుట్టుకే. గాంధీగారు వచ్చిన రోజు తనకు పదకొండేళ్లనీ, జనం కాళ్ల మధ్య దుమ్ము తప్ప ఏమీ కనబడలేదనీ చెప్పేవాడు. ఆ భవనం లేచాక మాత్రం దాన్ని వదల్లేదు. ఐదో తరగతితో బడి మానేసి మగ్గం మీద కూర్చున్న కుర్రాడికి అదే బడి అయింది. ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ పాత పత్రికల కోసం, పుస్తకాల కోసం మా ఊరొచ్చి రోజుల తరబడి ఉండి రాసుకుని వెళ్లేవాళ్లు. అదే బల్ల దగ్గర, పక్క కుర్చీలో, వేళ్లకు ఇంకా గంజి వాసన పోని మా తాతయ్య కూర్చునేవాడు. నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది ఆ మాట తలుచుకుంటే.

ఆయన చదువుకు ఒక వరస అంటూ లేదు. ముందు పేపర్లు. తర్వాత చేతికి ఏది దొరికితే అది. ఒకసారి జీవిత చరిత్రలు, ఇంకోసారి గ్రహాలూ నక్షత్రాలూ, ఇంకోసారి వైద్యం. ఇది చదివితే నాకేంటి లాభం అని ఆయన ఎప్పుడూ అనుకోగా చూడలేదు. ఒక ఏడాది తేనెటీగల మీద పడ్డాడు. పూలు ఎటువైపు ఉన్నాయో, ఎంత దూరంలో ఉన్నాయో తేనెటీగ గూటికి తిరిగొచ్చి ఆడుతూ మిగతావాటికి చెప్తుందని అన్నాలు తింటూ మాకు చెప్పాడు. అన్నం కలిపిన చెయ్యి గాల్లోకి ఎత్తి, ఆ ఈగ ఎలా తిరుగుతుందో కూడా చూపించాడు. జీడిమామిడి పూసే రోజులవి. మర్నాడు మేం పిల్లలమంతా తోటల్లోకి పోయి ఈగల వెంట పడ్డాం.

వానాకాలంలో గుంటలో నీళ్లు ఊరేవి. కార్తీకంలో తుఫాను పట్టిందంటే రోజుల తరబడి మగ్గం ఆగిపోవాల్సిందే. పడుగు చెమ్మకు పట్టేస్తుంది, మజూరీ ఉండదు. మా ఇంట్లో అవి నిజంగా టెన్షన్ రోజులు. నాయనమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసి మళ్లీ పెట్టేసే చప్పుడు నాకు తెలుసు. ఆ రోజుల్లో తాతయ్య పొద్దున్నే గుంటలో నీళ్లు తోడిపోసి, గొడుగేసుకుని లైబ్రరీకి వెళ్లేవాడు. ఇంట్లో కూర్చుని దిగులుపడితే నీళ్లు తొందరగా ఇంకిపోతాయా అనేవాడు.

ఆయన అక్కడ వెతికి పట్టుకున్నవాటిలో రెండు సంగతులు చెప్తాను.

మా ముత్తాత పేరాలలో ఉండేవాడు. ఆ రోజుల్లో చీరాల, పేరాల నేతగాళ్ల చేతిలోంచి రుమాళ్లు వెళ్లేవి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ మళ్లీ మళ్లీ నానబెట్టి, ఆరబెట్టి, ఎరుపూ నలుపూ రంగులు ఎక్కించి నేసేవాళ్లు. తేలియా రుమాళ్లంటారు. వాటిని అరబ్బు దేశాలవాళ్లు తలకు చుట్టుకునేవాళ్లు. ఎండకు చల్లగా ఉంటుందట. ముత్తాతకు తెలిసిందల్లా సరుకు మద్రాసు వెళ్తుందని, అక్కడ ఓడ ఎక్కుతుందని, అంతే. తాతయ్య పెద్దయ్యాక లైబ్రరీలో పెద్ద అట్లాసు తీయించుకుని ఆ ఓడ దారి వెతికాడు. మద్రాసునుంచి సింహళం చుట్టి, అరేబియా సముద్రం దాటి ఏడెన్ దాకా. దాన్ని ఒక నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకుని వచ్చాడు. ఆ నోటుబుక్కు నేను చూశాను. తీరం గీతలు వంకరటింకరగా ఉన్నాయి గానీ ఊళ్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా రాశాడు. అప్పటికి ముత్తాత మంచం మీద ఉన్నాడు. తాతయ్య ఆ పుస్తకం ఆయన ముందు పెట్టి, "నాన్నా, నువ్వు నేసినవి ఇక్కడిదాకా పోయినయ్" అని వేలు పెట్టి చూపించాడట. ముత్తాత చాలాసేపు చూసి, "ఇంత దూరమా" అన్నాడట. ఈ సంగతి తాతయ్య నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ ఆ "ఇంత దూరమా" దగ్గర ఆగేవాడు.

రెండోది ఆయన సొంత పసితనం. 1921లో చీరాల పేరాల ఉద్యమం జరిగింది కదా. రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నో రెట్లు పెంచేస్తే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్లకు తాళాలేసి ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని దాదాపు 11 నెలలు ఎండలో వానలో అక్కడే ఉన్నారు. తాతయ్యకు అప్పుడు మూడేళ్లు. తల్లి చెప్పిన కథలే తప్ప తనకేమీ గుర్తులేదు. అందుకని లైబ్రరీలో ఆ ఏడాది ఆంధ్రపత్రిక సంచికలు తీయించుకుని, ఒక్కొక్క రోజుదీ చూస్తూ చీరాల వార్త ఎక్కడ కనబడితే అక్కడ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. నెలలు పట్టింది. రాసుకున్నవన్నీ తీసుకెళ్లి తల్లికి చదివి వినిపిస్తే, ఆవిడ వింటూ వింటూ మధ్యలో ఆపి, "ఆ వాన రోజు మన పాక కూలింది, అది రాయలేదా?" అందట. రాయలేదు. తాతయ్య ఆ పాక సంగతి కూడా పత్రిక వార్త కిందనే, అదే సిరాతో రాసి పెట్టాడు.

తెలుసుకున్నది ఆయన తన దగ్గరే ఉంచుకున్నది తక్కువ. రాత్రి అన్నాలయ్యాక మా ఇంటి అరుగు మీద వీధిలోవాళ్లు చేరేవాళ్లు. పేపర్లో చూసిందీ పుస్తకంలో చదివిందీ చెప్పేవాడు. అమావాస్యకు మగ్గాలు ఆపేవాళ్లు కాబట్టి ఆ రోజు సభ పగలే మొదలయ్యేది. అర్జీలు రాయించుకునేవాళ్లు, దూరాన ఉన్న కొడుకులకు ఉత్తరాలు రాయించుకునేవాళ్లు, పింఛను కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఉత్తరం రాశాక తప్పనిసరిగా ఒకసారి పైకి చదివేవాడు. వింటూ వింటూ రాయించుకున్న ముసలమ్మలు కళ్లొత్తుకునేవాళ్లు. తమ మాటలు అంత బాగుంటాయని వాళ్లకు అప్పుడే తెలిసేది.

తాతయ్య పెట్టెలో డబ్బు లేకపోయినా, తన వీధికి అవతల ఉన్న ప్రపంచం ఆయనది. దాన్ని పదిమందికి పంచిపెట్టే అరుగు కూడా ఆయనది. నా మటుకు నాకు అంతకంటే కలిగిన బతుకు ఉంటుందని అనిపించదు.

అలాగని పేదరికం గొప్పదని నేననడం లేదు. ఎవరైనా అలా అంటే నాకు కోపం వస్తుంది. 1991లో నూలు ధరలు పెరిగిపోయి చీరాల చుట్టుపక్కల నేతగాళ్ల ఇళ్లలో ఆకలిచావులు జరిగాయి. గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. ఒంటికి బట్ట నేసి ఇచ్చేవాళ్లు గిన్నెలు పట్టుకుని గంజి కోసం నిలబడ్డారు. డెబ్బై దాటిన తాతయ్య ఆ నెలల్లో రాసినన్ని అర్జీలు జీవితంలో ఎప్పుడూ రాయలేదు. రాత్రి పొద్దుపోయేదాకా అరుగు మీద లాంతరు పెట్టుకుని రాసేవాడు. అప్పుడు ఆయన ముఖంలో ఏ తృప్తీ లేదు. మంచి మజూరీ వస్తే ఆయన జీవితం ఇంకా బాగుండేది, ఇందులో నాకు సందేహం లేదు.

మనసుండాలి గానీ ఎలాగైనా సంతోషంగా బతకొచ్చు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. తాతయ్యకు మనసుంది, నిజమే. కానీ రోజూ సాయంత్రం ఆయన నడిచి వెళ్లేసరికి అక్కడ ఒక తలుపు తెరిచి ఉండేది. నీ కులమేంటి, చదువెంత, చందా కట్టావా అని ఎవరూ ఆపలేదు. ఆ తలుపు దానంతటదే తెరుచుకోలేదు. ఆయన పుట్టకముందే, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు ఊరూరా తిరిగి పుస్తకం ప్రతి మనిషికీ అందాలని పట్టుబట్టారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కాలవ మీద ఊళ్లకు పంపించారు. ఈ పడవ సంగతంటే తాతయ్యకు మహా ఇష్టం. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు పడవ ఆపి పుస్తకం తీసుకోవచ్చు కదా అని ఊహించుకుని చెప్పేవాడు. ఎవరో ముఖం తెలియనివాళ్ల కోసం వీళ్లు చేసిన పని వల్లే మా తాతయ్య బతుకు నిండింది. ఆయనకు ఆ లెక్క తెలుసు. అందుకే ఉత్తరం రాయడానికి డబ్బు తీసుకోలేదని నేననుకుంటాను.

ఆ తెరిచిన తలుపు లాంటిదే ఇంకొకటుంది. మా నాయనమ్మ. తాతయ్య లైబ్రరీలో ఉన్న వేళ ఆవిడ రాట్నం దగ్గర ఉండేది. మర్నాటికి కండెలు, అంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు, సిద్ధం కావాలి. నూలు చిలపలు విప్పి, రాట్నానికి ఎక్కించి, ఒక్కొక్క కండే చుడుతూ, మధ్యలో లేచి పొయ్యి చూసుకుంటూ. బడినుంచి వచ్చాక నేనూ పక్కన కూర్చుని చుట్టేదాన్ని. నా కండెలు మధ్యలో లావుగా ఉబ్బి ఉండేవి, ఆవిడవి అన్నీ ఒకే తీరు. మగ్గం ముందు కూర్చున్న మనిషికి మజూరీ ఉంటుంది. కండెలు చుట్టిన చేతికి విడిగా ఏమీ ఉండదు. తాతయ్య చదువుకున్న ఆ గంటలు చాలావరకు నాయనమ్మ చేతులు సంపాదించి పెట్టినవి. ఆయన నిండు బతుకు గురించి చెప్పి ఈ మాట చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే.

నాయనమ్మకు చదవడం రాదు. నేర్పుతానని తాతయ్య చాలాసార్లు పలక తెచ్చాడు. చేతులు ఖాళీ ఉంటే కదా. అందుకని ఆయనే చదివి వినిపించేవాడు. వీధి సభ అయిపోయాక, రాత్రి ఆవిడ చివరి కండెలు చుడుతుంటే వారపత్రికల్లో వచ్చే సీరియళ్లు చదివేవాడు. పక్క మీద పడుకుని మేమూ వినేవాళ్లం. కథలో ఆడవాళ్లకు అన్యాయం జరిగితే నాయనమ్మ రాట్నం ఆపేసి రచయిత్రిని నిలదీసేది. తాతయ్య "ఉండవే, వచ్చే వారం ఏమవుతుందో చూద్దాం" అని సర్దిచెప్పేవాడు. బాగా కష్టాలొచ్చే చోట గొంతు తగ్గించి గబగబా లాగించేసేవాడు. వారపత్రిక తన చేతికి వచ్చేసరికి ఆ వీధిలో సగం మంది చదివేసి నలిగిపోయి ఉండేది. సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలన్నీ విడదీసి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, అట్టలు పెట్టి బైండు చేసేవాడు. అట్టల మీద మైదా జిగురుతో మగ్గం మీద మిగిలిన గుడ్డముక్క అతికించేవాడు. అలాంటివి ఒక ట్రంకు పెట్టెడు ఉండేవి మా ఇంట్లో. ఆకుపచ్చ చారలది ఏ కథో, పసుపు గళ్లది ఏ కథో నాయనమ్మకు గుడ్డను బట్టి తెలుసు.

1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. మా వీధిలోనూ రాత్రి బడి పెట్టారు. వయసు దాటిపోయిందని ఆవిడ పేరు రాసుకోలేదు. అయినా రోజూ వెళ్లి వెనక వరసలో గోడకానుకుని కూర్చునేది. ముందు సంతకం వచ్చింది, తర్వాత బస్సు బోర్డులు, తర్వాత సినిమా పోస్టర్లు. ఒత్తుల దగ్గర మాత్రం చాలా కాలం తడబడేది. తాతయ్య పక్కన కూర్చుని దిద్దుతానంటే ఒప్పుకునేది కాదు. "నీ చదువు నీది, నా చదువు నాది" అనేది.

తాతయ్య 2002లో పోయాడు. ఆ తర్వాత ఒక వేసవిలో నేను వేటపాలెం వెళ్లాను. నాయనమ్మకు కళ్ల ఆపరేషన్ అయి కొత్త అద్దాలొచ్చాయి. ట్రంకు పెట్టె తెరిచి, ఆకుపచ్చ చారల బైండు ఒళ్లో పెట్టుకుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది. ఇదివరకు విన్నదే, తెలిసిన కథే, అందుకే ముందు దాన్ని ఎంచుకుందట. ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉంటే గట్టిగా కేకేసింది.

"అమ్మడూ, ఇట్రావే. ఈ చెల్లెలి పిల్ల జ్వరమొచ్చి చచ్చిపోయిందటే ఇందులో!"

వెళ్లి చూశాను. నిజమే. అరపేజీ మీద స్పష్టంగా అచ్చయి ఉంది.

"చచ్చిపోలేదే ఆ పిల్ల. జ్వరం తగ్గి, పెళ్లి కూడా అయింది. మీ తాత చదివాడు నాకు. వారం వారం చదివాడు."

ఆ తర్వాత పేజీలు కూడా తిరగేశాను. పెళ్లి ఎక్కడా లేదు. ఆ పిల్ల మాటే లేదు. ముందు పేజీకి వెళ్లి పత్రిక తారీఖు చూశాను. అది మా చిన్నత్త జ్వరంతో పోయిన ఏడాది. నేను పుట్టకముందు సంగతి. ఇంట్లో ఆవిడ ఫోటో కూడా లేదు. తారీఖు పైకి చదివాను. నాయనమ్మ కాసేపు ఏమీ అనలేదు. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఆ పెట్టె ఇటు జరుపు," అంది. "ఇంకా ఎవరెవర్ని బతికించాడో చూస్తాను."